నలభై తల్లిచెట్లు

కోత మిల్లులో ఆవిణ్ణి అందరూ సుత్తెమ్మ అంటారు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది కాబట్టి అనేది మొహం మీద చెప్పే కారణం. నోరు తెరిస్తే సుత్తి కొడుతుంది కాబట్టి అనేది వెనకాల చెప్పుకునే కారణం. రెండూ ఆవిడకి తెలుసు, దేనికీ పెద్దగా పట్టింపు లేదు. ఆ సుత్తి మొహాన చిన్న ఆకు బొమ్మ చెక్కి ఉంటుంది. దుంగ చివర దాంతో ఒక్క దెబ్బ వేస్తే ఆకు ముద్ర దిగుతుంది. ముద్ర దిగిందంటే ఈ చెట్టు కొట్టిన చోట అడవి మళ్లీ లేస్తుందని ఆవిడ పూచీ పడ్డట్టు. ముద్ర లేని దుంగని పెద్ద కంపెనీలు కన్నెత్తి చూడవు. అందుకే సుత్తెమ్మ మొహం ముడుచుకున్న రోజు మేనేజరుకి టీ కూడా గొంతు దిగదు.

ఆవేళ మధ్యాహ్నం మేనేజరు కొనేవాళ్లని నలుగుర్ని పిలిపించాడు. వాళ్లకి నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఒక సలహాదారుని కూడా తెప్పించాడు. ఆ మహానుభావుడు చెట్టుని దగ్గర్నించి చూసిన పాపాన పోయినట్టు లేడు. బూట్లకి రంపప్పొట్టు అంటుతుందేమోనని కాళ్లు ఎత్తెత్తి వేస్తూ మీటింగు గదిలోకి వచ్చాడు. తెర మీద బొమ్మలు వేశాడు. మొదటి బొమ్మలో చెట్టు, రెండో బొమ్మలో మోడు, మూడో బొమ్మలో మళ్లీ చెట్టు, చుట్టూ గిర్రున తిరిగే బాణాలు.

"చెట్టు పునరుత్పాదక వనరండీ," అన్నాడు. "బొగ్గు తవ్వితే అయిపోతుంది, చమురు తోడితే అయిపోతుంది. చెట్టు అలా కాదు, కొట్టినకొద్దీ మళ్లీ మొలుస్తుంది. జుట్టులాంటిదనుకోండి."

సుత్తెమ్మ ఆయన నున్నటి గుండు వైపు చూసింది. మిగతావాళ్లూ చూశారు. ఎవరూ నవ్వలేదు, ఆవిడ తప్ప.

"మూడో బొమ్మలో చెట్టు ఎన్నేళ్లకి వచ్చిందండీ?" అని అడిగింది.

"అది ఒక చక్రమండీ. ఏళ్లు ముఖ్యం కాదు."

"పోనీ ఎవరు నాటారు?"

"ఎవరూ నాటక్కర్లేదు. ప్రకృతే చూసుకుంటుంది!"

"ప్రకృతికి విత్తనం ఎక్కణ్ణించి వచ్చిందీ? బజారుకెళ్లి తెచ్చుకుందా?"

మేనేజరు దగ్గాడు. "మా సుత్తెమ్మగారు సరదా మనిషండీ," అని అందరికీ బిస్కెట్లు అందించాడు.

సరదా! ఆ ప్రశ్నకి జవాబు ఆవిడకి పదకొండో ఏట నుంచీ తెలుసు. ఆవిడ నాన్న అడవిలో గుర్తులు వేసే ఉద్యోగి. కొండవాలు మీద పెద్ద చెట్లన్నీ కొట్టడానికి అనుమతి వచ్చినప్పుడు, ముందు ఆయన వెళ్లి నలభై చెట్లని ఏరాడు. ఒక్కోదాని మొదట్లో అరచేయంత బెరడు చెక్కి, తెల్లటి చెక్క మీద తన సుత్తితో ముద్ర కొట్టాడు. గుండ్రంలో మూడు గీతలు. ఇది తల్లిచెట్టు, ముట్టుకోవద్దు అని దానర్థం. నీళ్ల సీసా మోస్తానని వెంటపడి వెళ్లిన ఈవిడ, ఒక్కసారి పట్టుకుంటా నాన్నా అని సతాయించి, ఆ సుత్తిని రాతి మీద పడేసింది. మధ్య గీత కొస విరిగింది. చచ్చేట్టు చీవాట్లు తిన్నాక, ఆ విరిగిన గీతతోనే నలభై ముద్రలూ పడ్డాయి.

"మళ్లీ వచ్చేది చెట్టు కాదే, అడవి," అన్నాడు నాన్న ఆరోజు. "అదీ వీటి జోలికి ఎవడూ రాకపోతేనే. అరవై ఏళ్లు దాటితే గానీ ఈ జాతి చెట్టు మొలకెత్తే గింజ వేయదు."

ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆ వాలు సగం పచ్చబడింది. నాన్న ఇప్పటికీ పొద్దున్నే కాఫీ తాగుతూ తన నలభై మంది తల్లుల గురించి చెప్తాడు, ఎవరూ అడక్కపోయినా.

ఇహ మాటలయ్యాయి, కోత చూపిస్తానని మేనేజరు అందర్నీ యార్డులోకి తీసుకెళ్లాడు. యార్డులో ఒక పక్క అంతకుముందు మూడు లోడ్లలో వచ్చిన ఇరవై నాలుగు చెట్ల దుంగలు, అన్నిటి మీదా సుత్తెమ్మ ఆకు ముద్ర. ఇంకో పక్క ఆవేళే దిగిన ఏడు చెట్లు, ముద్ర పడాల్సినవి. లెక్క రాసుకోవడానికి అడవి ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ఒకడు అక్కడే ఉన్నాడు. కాగితాల్లో కొండ పేరు లేదు, ఒట్టి నంబరు, పక్కన 'మళ్లీ పెరిగిన అడవి, ముదిరిన చెట్లు' అని ఉంది. ఫొటోల్లో చుట్టూ పడుచు చెట్లు కళకళలాడుతున్నాయి. సుత్తెమ్మ కొండ ఎక్కలేదు. మోకాళ్ల నొప్పులు, పైగా కాగితాలు అంత శుభ్రంగా ఉంటే ఎవరు ఎక్కుతారు? దుంగల మొదళ్లలో బెరడు మీద మానిన గాయంలాంటిది కనబడితే, ఏ ఎలుగుబంటో గీరి ఉంటుందిలే అనుకుంది.

రంపం దగ్గర ఆవిడ మరిది. కొత్తగా వచ్చిన వాటిలో ఒక మొదలు దుంగ ఎక్కించి, పక్కగా కోత పెట్టాడు. సగం కోసేసరికి పలకంత ముక్క దానంతటదే టక్కున ఊడిపడింది. మరిది రంపం ఆపాడు.

"వదినా, ఇటు రా. లోపల ఏదో ఉంది."

ముక్క ఊడిపడ్డ చోట, ఇన్నేళ్లుగా పైన పెరిగిన కొత్త చెక్క కింద, గుండ్రం. గుండ్రంలో మూడు గీతలు. మధ్య గీతకి కొస లేదు.

కొనేవాళ్లు మూగారు. సలహాదారు వంగి చూసి, "అబ్బ, ఎంత అందంగా ఉందో! ప్రకృతి చెక్కిన శిల్పమండీ ఇది," అన్నాడు. "దీన్ని ఇలాగే ఉంచి మీటింగు బల్ల చేయించండి. మధ్యలో ఇది, పైన అద్దం."

సుత్తెమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ప్రకృతి కాదయ్యా, మా నాన్న చెక్కాడు! ముట్టుకోవద్దని రాశాడక్కడ. దాని మీద అద్దం వేసుకుని టీ కప్పులు పెట్టుకుంటావా?"

ఎవరి సమాధానం కోసమూ ఆగలేదు. మరిది చేతిలో ఉలి లాక్కుని మిగతా ఆరు దుంగల మొదళ్లలో గాయం ఉన్నచోటల్లా చెక్కింది. ఆరింట్లోనూ ముద్ర. తర్వాత తను ముద్ర వేసిన దుంగల వైపు వెళ్లింది. మొదటిది, రెండోది, మూడోది. పదోదానికి ఉలి మొద్దుబారింది, అయినా ఆపలేదు. ఇరవై నాలుగు చెట్లు. ఒక కొసన నాన్న ముద్ర, ఇంకో కొసన తన ముద్ర. ఇన్నాళ్లూ ఊరందరి కళ్లూ మూసుకుపోయాయని తిట్టిన మనిషికి, తన కళ్లు ఎక్కడ పెట్టుకుందో తెలియలేదు.

మేనేజరు ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్లాడు. గొంతు తగ్గించాడు.

"సుత్తెమ్మగారూ, మీ బాధ నాకర్థమైంది. ఈ ఏడింటికీ ముద్ర వేయకండి, సరే. ఇంకో ఆయన్ని పిలిపించుకుంటాను. ఇవే చెట్లు, ఇదే కొండ, ఇరవై నాలుగింటికి మీరే వేశారు కదా అని చూపిస్తే ఆయనా వేస్తాడు. కొండ మీద ఇంకో తొమ్మిది ఉన్నాయి. రేపు పొద్దున మనుషులు ఎక్కుతున్నారు. మీరెందుకు నోరు పాడుచేసుకోవడం?"

"ఇరవై నాలుగూ రద్దు చేస్తే?"

మేనేజరు నవ్వాడు. "పది దాటి రద్దు చేస్తే సుత్తి వెనక్కి ఇచ్చేయాలని మీ రూలే కదండీ. పంతొమ్మిదేళ్ల సర్వీసు. తొమ్మిది చెట్ల కోసమా? అయినా మళ్లీ మొలుస్తాయిలెండి."

"నీ మొహం మొలుస్తాయి," అంది సుత్తెమ్మ.

ముద్ర రద్దు చేయాలంటే దాని మీదే అడ్డంగా ఇంకో దెబ్బ వేయాలి. ఆకు మీద ఆకు పడి రెండూ చెడిపోతాయి. ఆవిడ మొదలుపెట్టింది. యార్డంతా ఆ చప్పుడే. కొనేవాళ్లు ఒక్కొక్కరే కార్ల వైపు నడిచారు. సలహాదారు అందరికంటే ముందు నడిచాడు, ఈసారి బూట్ల సంగతి పట్టించుకోకుండా. ఆఖరి దుంగ మీద ఆఖరి దెబ్బ వేసి, రద్దు కాగితం రాసి, దాని మీద సుత్తి పెట్టి, మేనేజరు చేతికి కాదు, అడవి ఆఫీసు నుంచి వచ్చిన మనిషి చేతికి ఇచ్చి సంతకం తీసుకుంది. రద్దు లెక్కలోకి ఎక్కాక కొండ మీద గొడ్డలి ఎత్తడానికి ఎవరికీ అనుమతి ఉండదు.

మొదట బయటపడ్డ ముద్ర ఉన్న ముక్కని మరిది కోసి, గోనెపట్టాలో చుట్టి ఇచ్చాడు. "నువ్వు చేసింది మంచి పనే వదినా," అన్నాడు. ఆవిడకి ఒళ్లు మండింది. మంచి పని చేసినవాళ్లు కొండ ఎక్కి చూస్తారు.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. నాన్న ముందు గదిలో కుర్చీ కాలు బిగిస్తున్నాడు. ఖాళీ చేయి చూశాడు. "సుత్తేదే?" అన్నాడు.

ఆవిడ పట్టా విప్పి ముక్క ఆయన ఒళ్లో పెట్టింది. నాన్న కళ్లజోడు సవరించుకుని, బొటనవేలితో గీతలు తడిమాడు. మధ్య గీత దగ్గర వేలు ఆగింది. నిన్ననే కొట్టినట్టు చెక్క ఇంకా తెల్లగా ఉంది.

"ఎన్ని?"

"తొమ్మిది మిగిలాయి నాన్నా. వాటిని ఇంక ఎవరూ కొట్టలేరు."

"కొట్టినవాటికి పూచీ పడిందెవరు?"

"నేనే. ఇరవై నాలుగింటికి."

ముసలాయన తిట్టలేదు. సుత్తి రాతి మీద పడేసిననాడు తిట్టినన్ని తిట్లలో ఒక్కటి తిట్టినా ఆవిడ ఊపిరి పీల్చుకునేది. ఆయన ముక్కని ఒళ్లోనే పెట్టుకుని, తల వంచుకుని, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. అరవై ఏళ్లు కలుపుతున్నాడని ఆవిడకి తెలిసింది. అప్పటికి ఆయనా ఉండడు, తనూ ఉండదు.

ఏదో ఒకటి అనాలి కదా అని పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, "మళ్లీ" అంది. తర్వాతి మాట మధ్యాహ్నం నుంచీ అందరి నోటా విన్నదే. నాన్న తలెత్తి చూశాడు. ఆవిడకి నోరు రాలేదు.