రాతిమామ చూపు

ఉదయం ఏడుంబావుకు ఆళ్లగడ్డలో నంద్యాల బస్సు కదిలేసరికి జాహ్నవి అప్పటికే ఇద్దరు ముగ్గురు అమెరికా రెఫరీలను ఉద్యోగంలోంచి పీకేసి ఉంటుంది. అక్కడ రాత్రిపూట ఆడే బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్స్ ఇక్కడ మనం పళ్లు తోముకునే వేళకు ఫోన్లో వస్తాయి. డిగ్రీ రెండో సంవత్సరం చదివే జాహ్నవి కిటికీ పక్కన కూర్చుని, ఒక చెవిలో కామెంటరీ పెట్టుకుని, బస్సంతా వినబడేలా తీర్పులు చెబుతుంది.

"చూడన్నా, బంతి పట్టుకోని మూడడుగులేసినాడు. నేను లెక్కబెట్టినా. ఆ విజిలాయన యాడ చూస్తాండాడు?" అని కండక్టర్ నరసింహులును నిలదీస్తుంది.

"నాకేం తెలుసు తల్లీ. నీ బస్సు పాసు చూపీ ముందు" అంటాడు నరసింహులు.

శిరివెళ్ల దాటేలోపు ఆట అయిపోయి వార్తలు మొదలవుతాయి. వానలు ఎప్పుడొస్తాయో చెప్పలేని శాఖ మీద ఒక మాట, లీకైన పరీక్ష పేపరు మీద రెండు మాటలు. టీవీ చర్చలంటే మరీ మంట. "నలుగురూ ఒక్కసారే అరుస్తాండారు. ఇద్దరికి ఫౌలిచ్చి బయట కూచోబెడితే గాని మూడోవాని మాట ఇనపడదు" అంటుంది. అలవాటైన ప్రయాణికులు నవ్వుకుంటారు. కొత్తవాళ్లు సీటు మారతారు.

ఇన్ని అభిప్రాయాలున్న మనిషి ఇంట్లో ఉండబట్టే తొమ్మిదేళ్ల కిందట ఒక పొరపాటు జరిగింది.

జాహ్నవి నాయన మహానందయ్య శిల్పి. రాతిపని చేసేవాళ్లకు ఒక కట్టుబాటుంది. విగ్రహానికి గోళ్ల దాకా, గజ్జెల దాకా అన్నీ చెక్కుతారు గానీ కళ్లు మాత్రం తెరవరు. దాన్ని తీసుకుపోయి, నిలబెట్టాల్సిన చోట నిలబెట్టాకే ఆఖరున కంటిపాపలు గీస్తారు. ఆ రోజు మహానందయ్య, నంద్యాల వర్తకులు తమ గుడి వాకిలికి చేయించుకుంటున్న ద్వారపాలకుల జంటలో ఎడమవైపు ఆయన్ని నున్నగా సానబడుతున్నాడు. పదేళ్ల జాహ్నవి పక్కన చేరి, బళ్లో ఖోఖో ఆడించే సారు తనకు చేసిన అన్యాయం గురించి గంటసేపు చెప్పింది. చెప్పి చెప్పి, "నువ్వు ఇంటాండల్యా నాయనా! ఈ బొమ్మకన్నా కండ్లుంటే నా దిక్కు చూసేది" అంది. పరధ్యానంలో ఉన్న ఆయన చేయి సన్న ఉలి అందుకుంది. తేరుకునేసరికి రాతిబొమ్మ కళ్లు తెరిచి జాహ్నవిని చూస్తోంది.

వర్తకుల పెద్ద సాయినాథ్ శెట్టి వచ్చి చూసి, "ఈడనే కండ్లు తెరిచినాక ఇది ఈయన చోటే కదప్పా, మా గుడికెట్ల వస్తాడు?" అని కుడివైపు ఆయన్ని ఒక్కణ్ణే తీసుకుపోయాడు. మిగిలినాయన్ని మహానందయ్య తాను చెక్కే కొట్టం ఎదురుగా ఉన్న ఆటస్థలం అంచున నిలబెట్టాడు. పిల్లలు ఆయనకు రాతిమామ అని పేరు పెట్టారు.

కళ్లంటూ వచ్చాక రాయైనా చూడక ఏం చేస్తుంది? రాతిమామ ఆటలు చూడసాగాడు. ఎవరైనా మోచేత్తో పొడిచినా, గీత తొక్కినా ఆయన కంటిపాపలు మెల్లగా కదిలి ఆ మనిషి మీద ఆగేవి. ఆ మనిషి ఒప్పుకునేదాకా అక్కడే ఉండేవి. రెఫరీ తప్పు ఊదితే రెఫరీ మీద ఆగేవి. ఇందులో ఎవరికీ వింతేమీ కనబడలేదు. గ్రౌండు పక్కన ఉగ్గాని, బజ్జీలు అమ్మే లక్ష్మీకాంతమ్మకైతే ఒకటే దిగులు. "రెప్ప వాల్చకుండా చూస్తాండాడు, కండ్లు మండవా పాపం" అని ఎండాకాలం ఆయన మొహాన రోజూ చెంబెడు నీళ్లు చల్లేది.

కష్టమంతా నంద్యాల నుంచి వచ్చే రెఫరీలకే. ఒకాయన ఆ చూపు తట్టుకోలేక ఆట మధ్యలోనే బస్సెక్కేశాడు. ఇంకొకాయన తెలివిగా రాతిమామ మొహానికి తువ్వాలు కప్పబోతే జనం ఊరుకోలేదు. దాంతో ఆళ్లగడ్డలో మ్యాచంటే నంద్యాల రెఫరీలందరికీ ఆ రోజే జ్వరం వచ్చేది.

ఈ సంగతి అలా ఉండగా, ఈ ఏడు మే నెలలో జాహ్నవి నంద్యాలలో జాషువా సారు దగ్గరికి పోయింది. ఆయన జిల్లా బాస్కెట్‌బాల్ రెఫరీల్లో పెద్దాయన. రాష్ట్ర రెఫరీల శిక్షణకు జిల్లా నుంచి ఒక్క పేరు పోతుంది, ఆ పేరు రాసేది ఆయనే. జాహ్నవికి ఆ శిక్షణ మీద ప్రాణం. బస్సులో ఎన్ని మాట్లాడినా ఈ కోరిక మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"నా పేరు రాయండి సార్. రూల్సన్నీ నాకు నోటికొచ్చు" అంది.

"నీ నోటి సంగతి నరసింహులు చెప్పినాడ్లేమ్మా" అని నవ్వాడు జాషువా. "ఫోన్లో అయితే మళ్లీ మళ్లీ తిప్పి చూసి చెప్తావు. ఆడ నిలబడినోనికి ఒక్క క్షణమే. సరే, ఆదివారం మీ ఊర్లో ఫైనలుండాది. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ. ఊదేదానికి ఒక్కడూ రానంటాండాడు. నువ్వు ఊదు. ఆటంతా అయ్యేలోపు రాతిమామ నీ దిక్కు ఒక్కసారి కూడా చూడకుంటే నీ పేరు రాస్తా."

"మా తమ్ముడు పవన్ ఆళ్లగడ్డ జట్టులో ఉండాడు సార్. నంద్యాలోళ్లు ఒప్పుకుంటారా?"

"రాతిమామ ఉండంగా నువ్వు ఎవరి అక్కవైతే వాళ్లకేం?"

ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక ఆట మొదలైంది. ఊరు ఊరంతా గ్రౌండు చుట్టూ ఉంది. జాహ్నవి మెడలో విజిల్ వేసుకుని మధ్యలోకి వచ్చింది. బస్సులో ఇంత పెద్ద నోరు, ఇక్కడ ఊదడానికి గాలి చాలడం లేదు. కాసేపటికి ఆమెకొక ఉపాయం తట్టింది. ఎవరైనా ఎవరికైనా తగిలితే ముందు రాతిమామ వైపు చూడడం, ఆయన చూపు ఎవరి మీద ఆగితే వాళ్లకు ఫౌల్ ఇవ్వడం. ఒక్క తప్పూ పోలేదు. ఆమె వైపు ఆయన చూసిందీ లేదు. సగం ఆట అయ్యేసరికి జాహ్నవి మొహం వెలిగిపోతోంది.

జాషువా సారు మాత్రం బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి మెల్లగా అన్నాడు. "నువ్వు ఆటను చూస్తాండల్యా. ఆయన్ని చూసి ఊదుతాండావ్. రేపు అనంతపురంలో ఊదాల్సొస్తే ఈయన్ని నెత్తినెట్టుకోని పోతావా?"

జాహ్నవికి సిగ్గుతో చెవులు కాలాయి. బస్సులో తాను పీకేసిన రెఫరీలందరూ వరుసగా గుర్తొచ్చారు. వాళ్లకు వెనక రాతిమామ లేడు కదా అనిపించింది. రెండో సగంలో ఆమె ఒక్కసారి కూడా అటు తిరగలేదు. బంతిని చూసింది, పాదాలను చూసింది, చేతులను చూసింది. రాతిమామ తనను చూస్తున్నాడో లేదో తెలియక వీపు ముళ్లు గుచ్చినట్టుంది. అయినా ఊదుతూ పోయింది.

ఆఖరి పది సెకన్లు. నంద్యాలకు నలభై ఒకటి, ఆళ్లగడ్డకు నలభై. పవన్ బంతి తీసుకుని దూసుకొచ్చాడు. నంద్యాల ఆటగాడు అజయ్ కుమార్ రెండు కాళ్లూ నేలకు పాతుకుని అడ్డం నిలబడి ఉన్నాడు. పవన్ వాని గుండెల మీదికి దూకాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. బంతి మాత్రం రింగులోంచి చక్కగా జారింది. ఆళ్లగడ్డంతా ఎగిరి గంతేసింది.

విజిల్ మోగింది.

"ఛార్జింగ్. నిలబడినోని మీదికి దూకినాడు. తప్పు పవన్‌ది. బాస్కెట్ లెక్కకు రాదు" అంది జాహ్నవి.

"అక్కా!" అన్నాడు పవన్.

"వాడు కదల్ల్యా పవన్. నేను చూసినా."

తీర్పు సరైందో కాదో తెలుసుకోవడానికి జనమంతా ఒక్కసారిగా రాతిమామ వైపు తిరిగారు. తిరిగినవాళ్లు తిరిగినట్టే ఉండిపోయారు. తన మీదే ఆగి ఉంటుంది చూపు, శిక్షణా పోయింది, తమ్ముడి కప్పూ పోయింది అనుకుంటూ జాహ్నవి తిరిగి చూసింది.

రాతిమామ కళ్లు మూసుకుని ఉన్నాడు. రెప్పలు పూర్తిగా వాలిపోయి, మొహం తేటగా ఉంది.

"అబ్బ, పండుకున్నాడు" అంది లక్ష్మీకాంతమ్మ. "ఇంగ ఆ పాప చూసుకుంటాదిలే అనుకున్నాడేమో. రెప్ప వాల్చి తొమ్మిదేండ్లాయె, గట్టిగా అరవొద్దు ఎవురూ."

నంద్యాల వాళ్లు కప్పు తీసుకుని కేకల్లేకుండా బస్సెక్కారు. జాషువా సారు బల్ల మీదే కాగితం పెట్టి జాహ్నవి పేరు రాశాడు.

పవన్ రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం దగ్గర, "వాన్ని తప్పించుకోని పోవాలంటే కాలు యాడ పెట్టాల్సింది?" అని అడిగాడు. జాహ్నవి అన్నం వదిలేసి లేచి చూపించింది. ఆమెకు అప్పుడు గుండె తేలికపడింది.

వారం తిరక్కుండా సాయినాథ్ శెట్టి లారీ తీసుకుని వచ్చాడు. "కండ్లు మూసుకున్నాడంట కదా మహానందయ్యా. మా వాకిలి తొమ్మిదేండ్ల నుంచి ఒక పక్క బోడిగా ఉండాది. ఇప్పుడు పంపీ అప్పా" అన్నాడు. జాహ్నవి శిక్షణకు పోయే రైలు కూడా నంద్యాల నుంచే. అదే లారీలో ముందర నాయన పక్కన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారిలో ఆ పొద్దుటి ప్లేఆఫ్ గురించి డ్రైవరు అడిగితే, "ఆ మూల నుంచి నాకు సరిగా కనపల్ల్యా అన్నా, చెప్పలేను" అంది. మహానందయ్య ఆమె నుదురు తాకి చూశాడు. జ్వరమేమీ లేదు. శిరివెళ్ల దాటాక వార్తల మీద మాత్రం మామూలుగానే అందుకుంది.

గుడి వాకిలిలో రాతిమామను ఆయన చోట నిలబెట్టారు. మహానందయ్య ఈసారి పరధ్యానం లేకుండా, ముహూర్తం చూసుకుని, సన్న ఉలితో కళ్లు తెరిచాడు. కంటిపాపలు మెల్లగా కదిలాయి. చుట్టూ ఉన్న ఒక్కొక్కరి మీదుగా సాగి సాయినాథ్ శెట్టి మీద ఆగాయి. శెట్టి నాలిక్కరుచుకుని కాళ్ల చెప్పులు అవతల విప్పి వచ్చాడు. చూపు మళ్లీ కదిలింది. జాహ్నవి మెడలోని విజిల్‌ను గట్టిగా పట్టుకుంది.

రాతిమామ చూపు ఆమె దగ్గరికి వచ్చింది. ఆగలేదు. ఆమెను దాటి వీధిలోకి వెళ్లిపోయింది.

జాహ్నవికి సంతోషంతో కళ్లు నిండాయి. సంచి భుజాన వేసుకుని, "పోయొస్తా మామా" అని స్టేషన్ వైపు నడిచింది.