తేనెటీగలు వచ్చిన రోజు

ఆవిడ మగపువ్వు రేకులు వెనక్కి మడిచి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వుకు మెల్లగా అద్ది, పక్క తీగకు జరిగింది.

ఆ గాజు షెడ్డులో అందరూ ఆవిణ్ణి పెళ్లిళ్ల పేరమ్మ అంటారు. ఖర్బూజా పువ్వులకు పొద్దున్నే సంబంధాలు కుదిర్చే మనిషికి పెళ్లి కాలేదని వేళాకోళం. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుంటుంది.

తమ్ముడి ఇంట్లో వెనకగది ఆవిడది. మరదలు మంచిదే. "వదినా, అన్నం మూతపెట్టాను" అంటుంది, టీవీ మీంచి చూపు తిప్పకుండా. సెలవురోజు ఆవిడ చెవిన పడే మాట అదొక్కటే. షెడ్డులో పువ్వులు మాట్లాడవు గాని, ఆవిడ కోసం ఆగుతాయి. చలికాలం బద్ధకంగా విచ్చుకుంటాయి. ఎండాకాలం పొడి ఎండిపోయేలోగా ఉరుకులు పెట్టిస్తాయి. ముసురు పడితే పొడి ముద్దకట్టి, పువ్వు పువ్వుకూ బతిమాలించుకుంటాయి.

"పేరమ్మక్కా, నీ అల్లుళ్లొచ్చారు!" మేస్త్రీ అట్టపెట్టె తెచ్చి చివరి వరసలో దించాడు. లోపల తేనెటీగల రొద.

"కుడతాయా?"

"వాటి పనే వాటికి లోకం. నీలాగే." నవ్వబోయి ఆగాడు. "ఈ వరస నువ్వు ముట్టుకోకు. ఇవాళ ఇవి పని అందుకుంటే, రేపట్నుంచి అన్నీ వీటికే ఇమ్మన్నారు యజమాని."

"అందుకోకపోతే?"

"నువ్వే దిక్కు."

మూత తీసి, టీకి వెళ్లాడు.

ఈగలు అద్దాలకు కొట్టుకున్నాయి. కొట్టుకోండి, అనుకుంది. కాసేపటికి పైకిటికీ తెరిచి ఉందని కనిపెట్టి, ఒకటొకటిగా బయటికి జారుకోసాగాయి. ఆవిడ కదల్లేదు. అవి పోతే రేపు కూడా తను ఇక్కడికే రావచ్చు.

చివరి వరసలో ఆడపువ్వులు విచ్చుకుని ఉన్నాయి. మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. మళ్లీ తెరుచుకోవు.

కొక్కెం కర్ర అందుకుని కిటికీ మూసేసింది.

మిగిలిన ఈగల్లో ఒకటి మగపువ్వులో తలదూర్చి, ఒళ్లంతా పసుపు చేసుకుని, ఎదుటి ఆడపువ్వులో పడి పొర్లింది.

"ఎంత మోటు!" అంది. కాసేపు చూసి, "కుదిరిందిలే" అంది.

సాయంత్రం మేస్త్రీ నేల చూస్తూ వచ్చాడు. "ప్యాకింగులో నీకు పని అడిగానక్కా. ఖాళీ లేదన్నారు."

"పోనీలే."

ఆవిడ గేటు దాకా వెళ్లాక అతను కేకేశాడు. "అక్కా, కళ్లజోడు!"

"దూరం బాగానే కనపడుతుంది నాకు. అది పువ్వుల కోసం కొనుక్కున్నా."

అతను దాన్ని తలుపు పక్క మేకుకు తగిలించాడు. ఒక కాడకు చుట్టిన గుడ్డపీలిక ఆవిడ చెమటతో ఇంకా తడిగానే ఉంది.