బజర్ పదకొండు అంది

ఆ రోజు మినియాపొలిస్‌లో చలి ఎంతంటే, మా ఆఫీసు బయట ఒకడు ఊదిన సిగరెట్ పొగ గాల్లోనే గడ్డకట్టి వాడి కాలి మీదే పడింది. కాలు వాచింది కూడా. మంచు తుఫానుకి రోడ్లన్నీ మూసేశారు. ముందు రోజు డ్యూటీకొచ్చిన నేనూ, మా సీనియర్ కొలీనూ ఇళ్లకి పోలేక ఆఫీసులోనే చిక్కుకుపోయాం.

మా పనేంటంటే, ఎక్కడెక్కడో ఉన్న యంత్రాల్ని నిమిషానికోసారి "ఎలా ఉన్నావ్?" అని అడగడం. అవి నంబర్లలో జవాబిస్తాయి. ఇలా పలికే యంత్రాలన్నిటినీ ఒకే పెద్ద నంబర్ల చెట్టు మీద కూర్చోబెట్టారు. ఒకటి, మూడు, ఆరు, ఒకటి, నాలుగు, ఒకటి అనుకుంటూ పైకెక్కితే, అక్కణ్ణించి ఒక్కో కంపెనీకి ఒక్కో కొమ్మ. తన కొమ్మ మీద ఏ ఆకుకి ఏ అర్థం పెట్టుకోవాలో ఆ కంపెనీ ఇష్టం. ఆ అర్థాలన్నీ రాసి ఒక ఫైలు ఇస్తారు, దాన్ని మిబ్ అంటాం. అది లేకపోతే యంత్రం "నలభై రెండు" అంటుంది. అది జ్వరమో, వయసో, చెప్పుల సైజో దేవుడికే తెలియాలి.

ఈ చెట్టుకో ఆచారం ఉంది. ఒకసారి ఒక ఆకుకిచ్చిన నంబరు ఇంకో ఆకుకి ఇవ్వకూడదు. ఆ వస్తువు పనికిరాకుండా పోయినా సరే, దాని నంబరు ఖాళీగా పడుండాల్సిందే. ఈ మాట చెప్పేటప్పుడు కొలీన్ చర్చిలో నిలబడ్డట్టు నిలబడుతుంది.

మేం చూసేవాటిలో విస్కాన్సిన్ పాడి రైతుల సంఘం వాళ్ల ట్యాంకొకటి. మేలుజాతి ఎద్దుల వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో నింపి, అందులో ద్రవ నైట్రోజన్‌లో ముంచి దాస్తారు. ఆ గొట్టాల లెక్కలో మా తుఫాను చలి నడివేసవి. ట్యాంకుని కనిపెట్టుకుని ఉండే యంత్రం హోల్వెర్డ్ అనే కంపెనీది. దానికి నాలుగే ఆకులు. మొదటిది మూత, రెండోది బజర్, మూడోది ట్యాంకులో ఉన్న మట్టం, నాలుగోది ఉండాల్సిన మట్టం. మేం చూసేది మూడోదాన్ని. అది ఎప్పుడు చూసినా ఎనభై. మిగతా యంత్రాల నంబర్లు కోతుల్లా గెంతుతుంటే ఇదొక్కటే బుద్ధిమంతుడిలా కూర్చునేది. నేను ముచ్చటపడి "ఈ నెల ఉత్తమ ఉద్యోగి" అని సర్టిఫికెట్ రాసి స్క్రీన్‌కి అంటించా. మా మేనేజర్ దాని మీద సంతకం పెట్టాడు. చదివి పెట్టాడని ఎవరూ అపోహపడలేదు.

పొద్దున్నే వెర్నా టోలెఫ్సన్ ఫోన్ చేసింది. ఆ సంఘంలో రైతు. తుంటి విరిగి అతుక్కున్న మనిషి, ఒంటిచేత్తో పాడి నడుపుతోంది. ఆమె ఎద్దు యూజీన్ కిందటేడు పోయాడు. వాడి గొట్టాలు మిగిలింది ఆ ట్యాంకులోనే, ఇంకెక్కడా లేవు. యూజీన్ కూతుళ్లు తన్నవు. జిల్లా మొత్తం మీద పాలు పితికేటప్పుడు తన్నని ఆవులు వాడి సంతానమే. తన్నే ఆవు దగ్గర ఆమె ఇక కూర్చోలేదు, ఆ తుంటితో.

"అబ్బాయ్, కరెంటు పోయొచ్చింది మా వైపు. మా యూజీన్ ఎలా ఉన్నాడు?"

"రాయిలా ఉన్నాడండీ. ఎనభై."

"వాడెప్పుడయ్యా రాయిలా ఉంది? బతికున్నన్నాళ్లూ ఒక్క కంచె నిలవనిచ్చాడా?"

నేను పడీ పడీ నవ్వా. కొలీన్ నవ్వలేదు. స్క్రీన్ దగ్గరికొచ్చి, సర్టిఫికెట్ పైకెత్తి, దాని కింద చూసింది.

"ఏరా, నైట్రోజన్ రోజూ కాస్త కాస్త ఆవిరవుతుంది కదా. ఇది ఇసుమంతైనా కదలదేంటి?"

"క్రమశిక్షణ."

"నోర్ముయ్. కొమ్మంతా నడువు."

నడవడమంటే ఒక్క ఆకుతో సరిపెట్టుకోకుండా కొమ్మ మీదున్న ప్రతిదాన్నీ వరసగా అడగడం. అడిగా. మూత: సున్నా, అంటే మూసే ఉంది. బజర్: పదకొండు.

"బజర్ పదకొండేంటి?" అంది కొలీన్. "మోగితే ఒకటి, మోగకపోతే సున్నా. పదకొండు ఎలా మోగుతుంది?"

"బాగా గట్టిగా మోగుతోందేమో."

మేం చూస్తుండగానే అది పది అయింది.

మూడోది ఎనభై. నాలుగోదానికి జవాబే లేదు.

కొలీన్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కొత్త యంత్రాల్లో బజర్ లేదు. హోల్వెర్డ్‌లో ఎవడో శుభ్రత ఎక్కువైనవాడు, కిందటి అప్‌డేట్‌లో బజర్ ఆకు తుంచేసి, దాని తర్వాతి రెండిటినీ ఒక్కో మెట్టు పైకి జరిపాడు. అప్పట్నించీ మేం చూస్తున్నది ట్యాంకులో ఉండాల్సిన మట్టాన్ని. నిజంగా ఉన్న మట్టం బజర్ చోట కూర్చుంది: పది. నైట్రోజన్ లారీకి కబురెళ్లేది కూడా మా మూడో ఆకు తగ్గితేనే. ఎనభై ఉండగా లారీ ఎందుకొస్తుంది?

"అబ్బాయ్, ఉన్నావా?" అంది వెర్నా ఫోన్‌లో.

కొలీనే ఫోన్ తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవతల పాలమిషను చప్పుణ్ణి మించి వెర్నా గొంతు లేచింది.

"ఇందాక ఎనభై అన్నారు, ఇప్పుడు పదంటారు. ఈ మధ్యలో ఎవరు తాగారు?"

"ఎవరూ తాగలేదు వెర్నా గారూ. మేం చూసిందే వేరే నంబరు."

హోల్వెర్డ్‌కి ఫోన్ చేశాం. అవతల గొంతు తేనెలో నానబెట్టినట్టుంది. మా ఫిర్యాదు వాళ్లకి చాలా ముఖ్యమట. కొత్త మిబ్ పంపుతారట, అందులో పేర్లన్నీ సరిగ్గా ఉంటాయట.

"పేర్లు సరే," అంది కొలీన్. "నైట్రోజన్ పంపుతారా?"

"అది వేరే విభాగమండీ."

ట్యాంకు చూసుకునే డ్వేన్ మంచు బండి మీద బయల్దేరాడు. దారిలో రెండుసార్లు బోల్తాపడ్డాడు, మూడోసారి బండే వాణ్ణి వదిలేసి కొంత దూరం వెళ్లింది. మధ్యాహ్నానికి ఎలాగో చేరి ఫోన్ చేశాడు.

"కొలీన్, బయటున్న పెద్ద నైట్రోజన్ పీపా కవాటం తిప్పేదా?"

"నేనే తెరుస్తా, చూడు." ఆ కవాటానికి వేరే యంత్రం, వేరే కొమ్మ మీద దానికో ఆకు ఉన్నాయి. అందులో రాయొచ్చు కూడా. కొలీన్ ఒకటి రాసింది. యంత్రం మర్యాదగా "సరే" అంది.

"తెరుచుకుంది," అన్నాడు డ్వేన్. "ఏం రావట్లేదు. పీపా ఖాళీ. లారీ రాలేదుగా."

"పక్క ఊరి డీలరు?"

"పక్క ఊరు ఉందో లేదో కూడా కనపడట్లేదు తల్లీ. గొట్టాలు తీసి బయట మంచులో గుచ్చేదా? చచ్చేంత చలిగా ఉందిక్కడ."

"నీకు చలి. వాడికి అది పొయ్యి. మూత మాత్రం తియ్యకు."

ఇక మేం చెయ్యగలిగింది చదవడమొక్కటే. ఏడు. ఆరు. చీకటిపడింది, మళ్లీ తెల్లారింది, తుఫాను మాత్రం ఆగలేదు. డ్వేన్ ట్యాంకు చుట్టూ తన కోటు కప్పాడు. అది దేనికీ పనికిరాదని వాడికీ తెలుసు. వెర్నా ఫోన్ పెట్టెయ్యలేదు, స్పీకర్ మీద కొట్టంలోనే ఉంచింది. ఆవులు నెమరేస్తున్న చప్పుడు మా ఆఫీసంతా నిండింది.

"ఎంతబ్బాయ్?"

"మూడండీ."

"ఇందాక కూడా మూడేగా. ఆగినట్టుంది."

"ఆగలేదండీ. సగాలు చెప్పదిది."

"కాస్త నెమ్మదిగా చదవరాదూ," అంది.

నెమ్మదిగానే చదివా. రెండు అని చెప్పడానికి నేను తీసుకున్నంత సేపు ఎవరూ తీసుకుని ఉండరు. కొలీన్ కూడా నన్ను తొందరపెట్టలేదు. ఆ మధ్యలో హోల్వెర్డ్ వాళ్ల కొత్త మిబ్ వచ్చింది. ఎక్కించాం. అన్ని పేర్లూ చక్కగా సర్దుకున్నాయి. ఉన్న మట్టం అనే పేరు పక్కన ఒకటి అని పడింది, ఎర్రగా.

మధ్యాహ్నం పాలవేళకి ఆమె మళ్లీ అడిగింది.

"సున్నా, వెర్నా గారూ."

పాలమిషను ఆగింది. ఏదో ఆవు గిట్ట సిమెంటు మీద కదిలింది.

"ఇంకా అడుగుతోందా మీ యంత్రం వాణ్ణి?"

"నిమిషానికోసారి అడుగుతుందండీ."

"ఏమంటున్నాడు?"

"సున్నా అనే."

"చాల్లే," అంది వెర్నా. "ఇక విసిగించకండి వాణ్ణి."

సంఘం సంతకం లేకుండా ఏ యంత్రాన్నీ అడగడం మానకూడదని మాకు రూలుంది. కొలీన్ నా మీదుగా చెయ్యి చాపి ఆపేసింది.