హంతకుడి చొక్కాలు ఎవరు ఉతికారు?

ఆయన క్యాంపు నుంచి తెచ్చిన చొక్కాలు ఉతుకుతూనే ఆవిడ ఆ వారం సమీక్షను మనసులో అల్లుకుంటోంది. వారపత్రికలో క్రైమ్ నవలల మీద రాసేది ఆవిడే. "హంతకుల్ని వెతికే పెళ్ళాం నాకే దొరకాలా" అని ఆయన నలుగురినీ నవ్విస్తాడు. "ఆ చదివే టైములో రెండు బకెట్ల బట్టలు ఉతకొచ్చుగా" అంటుంది అత్తగారు. ఏం చేస్తుంది మరి, రెండూ చేస్తూనే ఉంది.

నవల పట్టు గట్టిదే. రెండూళ్ళలో రెండు కాపురాలు నడిపే ఇంజనీరు, తన గుట్టు తెలుసుకున్న భార్యను పడవ షికారుకు తీసుకెళ్ళి ముంచేస్తాడు. ఆ ప్రయాణం చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఇక లోపమంటారా, తాటిచెట్టంత ఉంది. ఏళ్ళ తరబడి ఆ భార్యకు ఏమీ తెలియలేదట! మగ రచయిత కదా, చొక్కాలు వాటంతటవే ఉతుక్కుంటాయనుకున్నాడు కాబోలు. మొగుడి బట్టలు ఉతికేదానికి తెలియనిదేముంటుంది?

అలా అనుకుంటూ కాలరు రుద్దబోయి ఆగిపోయింది. ఆవిడ గుండీ కుడితే దారం రెండు అడ్డగీతల్లా ఉంటుంది. ఈ కాలరు గుండీ మీద ఇంటూ గుర్తులా ఉంది. ఆయనకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మిగతా చొక్కాలు తిరగేసింది. కొన్నింటికి అదే కుట్టు, వెలిసిపోయిన పాత దారంతో. ఇన్నాళ్ళూ వీటిని ఉతికింది ఈ చేతులే కదా! తన మీద తనకే ఒళ్ళు మండింది.

"ఏంటి, ఆ గుండీని అంతలా చూస్తున్నావ్?"

ఆయన ఎప్పుడొచ్చాడో, వెనకే నిలబడి ఉన్నాడు.

"మరక పోవట్లేదండీ."

"పోకపోతే వదిలెయ్." ఆయన గొంతు ఇంత మెత్తగా పలకడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. "ఎప్పుడూ ఈ చాకిరీయేనా? రేపు నాతో రా. కొండమీద గెస్ట్‌హౌస్ ఉంది. జనం కూడా ఉండరు."

"అలాగేనండీ" అంది.

ఆయన స్నానానికి వెళ్ళి తలుపు వేసుకోగానే చేతులు కొంగుకు తుడుచుకుని, పర్సు తీసుకుని వీధిలోకి నడిచింది. బస్సు ఊరు దాటాక ఎడిటరమ్మకు ఫోన్ చేసింది.

"సమీక్ష మారుస్తానండీ. భార్యకు తెలియకపోవడం లోపమనుకున్నా, కాదు."

"మరి లోపం ఏంటమ్మా?"

"తెలిశాక కూడా పడవెక్కడం."