దుబాయి టైము

నేను ఒక చేతిగడియారాన్ని. ఏ దేశంలో పుట్టానో నా వీపు మీద రాసి ఉంది, అదీ అబద్ధమే కావచ్చు. దుబాయి బజారులో కుప్పపోసి అమ్మిన సరుకును. తాపీపని చేసే లింబాద్రి నన్ను కొని, అక్కడి టైము పెట్టించి కట్టుకున్నాడు. సిమెంటు పడీ పడీ నా అద్దం మసకబారింది గానీ, ఏనాడూ నిమిషం తప్పలేదు. మాట తప్పడం మనుషుల పని.

అప్పటికింకా జేబుల్లో ఫోన్లు లేవు. ఇంటికాడ టైము మాకంటే గంటన్నర ముందు. శుక్రవారం టెలిఫోన్ బూత్‌కు పోయిన ప్రతిసారీ ఆ గంటన్నర కలుపుకునే ఫోన్ చేసేవాడు. అక్కడ భార్య గంగు బీడీలు పక్కన పెట్టి, పొరుగింటి ఫోను ముందు కూర్చుని ఉండేది.

ఒకరోజు బావమరిది రాజలింగమే కంపెనీకి ఫోన్ చేశాడు.

"బావా, అక్కకు జరమొచ్చింది... ఇగ లేదు బావా."

తోటివాళ్లు మేనేజరు కాళ్లావేళ్లా పడి, కంపెనీ దగ్గరున్న పాసుపోర్టు ఇప్పించారు. మర్నాడు పొద్దున పదికి విమానం. లింబాద్రి నన్ను చూస్తూ లెక్క కట్టి, ఊరికి ఫోన్ చేసి చెప్పాడు.

"గాలిమోటరు మూడున్నర గంటలే. బేగంపేటల దిగితే జీపుల నాలుగు గంటలు. ఐదున్నరకు వాకిట్ల ఉంట. దాని మొకం ఒక్కసారి చూస్త, ఆపుండ్రి."

"పొద్దుగూకెదాక ఆపుతం బిడ్డా," అన్నాడు కులపెద్ద పోశన్న. "చీకటైతే లేపరాదు."

కూడిక తప్పు కాదు. ఏడుపులో గంటన్నర కలపడం మరిచాడు, అంతే. నాకు తెలుసు. నోరు లేదు.

విమానం ఆలస్యం కాలేదు. గాల్లో ఉన్నంతసేపూ అతను కిటికీ వైపు చూడలేదు, నన్నే చూశాడు. జీపెక్కాక "కొట్టు తమ్మీ, కొట్టు" అంటూనే ఉన్నాడు. దారిలో మసక కమ్మింది. నా ముళ్లు నాలుగున్నర దగ్గరున్నాయి.

"మబ్బు వట్టినట్టుంది తమ్మీ."

"మబ్బెక్కడిదన్నా? పొద్దుగూకింది."

అతను నన్ను చూశాడు. బయటికి చూశాడు. మళ్లీ కొట్టమనలేదు.

వాగొడ్డున కట్టెలు సగం కాలిపోయి ఉన్నాయి. కొరివి రాజలింగం పెట్టాడట.

"ఐదున్నరంటివి గదరా," అన్నాడు పోశన్న. "ఆరుదాక సూసినం. ఇంకెంత ఆపుదుం?"

"మీ తప్పు లేదు పెద్దయ్యా." లింబాద్రి చెయ్యి చాపి, మంట వెలుగులో నన్ను చూపించాడు. "ఇగో, నాకు గిప్పుడే ఐదున్నర."



అతను మళ్లీ దుబాయి పోలేదు. దినాలయ్యాక రాజలింగం నన్ను అందుకోబోయాడు.

"ఇటియ్యి బావా, గంటన్నర జరుపుత."

"ముట్టకు. దాంట్ల ఇంకా పొద్దున్నది."

ఇప్పటికీ చీకటి పడేవేళకు నన్ను కళ్లదగ్గర పెట్టుకుని వాగు దిక్కు కూర్చుంటాడు. దూరాలన్నీ దగ్గర చేశామని మనుషులు చెప్పుకుంటారు. ఆ ఒక్క మొహం దగ్గరికి ఇతన్ని చేర్చే టైము నా దగ్గర లేదు. అయినా చూస్తాడు. నేను తిరుగుతుంటాను.