వంకర నాది కాదు

నేను ఒక కళ్లజోడును. నల్ల ప్లాస్టిక్ ఫ్రేము, దగ్గరి చూపు అద్దాలు, చెప్పుకోదగ్గ అందమేమీ లేదు. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. బుద్ధి తెలిసింది మాత్రం నరసాపురంలో, కరీముల్లా గారి కళ్లజోళ్ల దుకాణంలో. అక్కణ్ణుంచి లేసు అల్లే సువార్తమ్మ ముక్కు మీదికి చేరాను.

నేనొచ్చిన రెండేళ్లకు ఆమెకు ఒక రొమ్ము తీసేశారు. ఇంట్లో దాన్ని పేరుపెట్టి ఎవరూ అనరు, ‘ఆ జబ్బు’ అంటారు. నయమైతే చర్చిలో ప్రభువు బల్లకు లేసుగుడ్డ అల్లి ఇస్తానని ఆమె మొక్కుకుంది. నయమైందనే అనుకున్నారు. ఆరేళ్లు గడిచాయి. మొక్కు సగంలో ఉంది.

అప్పుడు ఆమె ఎడమ రెప్ప వెంట్రుకలు నా అద్దానికి తగలడం మొదలైంది. కుట్లు రెండేసి కనబడసాగాయి. అల్లడం, విప్పడం, మళ్లీ అల్లడం. తప్పు నాదేనట! మనుషులు ముందుగా నోరులేని దాన్నే పట్టుకుంటారు.

కరీముల్లా గారు రెండుసార్లు నన్ను వేడినీళ్లలో ముంచి కాళ్లు వంచారు. మూడోసారి ఆమె ముఖంలోకి చూశారు.

“వంకర దీంట్లో లేదమ్మా. మీ ఎడం కన్ను ముందుకొచ్చింది. ఇవాళే పెద్దాసుపత్రికెళ్లండి.”

“ఇదివరకు పెద్ద జబ్బులేమైనా చేశాయా?” అని పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు అడిగాడు.

“ఏం లేవు బాబూ.”

మగవాడి ముందు ఆ మాట ఎలా చెప్తుంది? పైగా కంటికీ దానికీ ఏం సంబంధం అనుకుంది. నాకు నోరుంటే అరిచేదాన్ని. చుక్కల మందుతో నెల పోయింది.

నొప్పి ఎక్కువయ్యాక కూతురు కెజియా కూడా లోపలికొచ్చింది. “అమ్మకి ఆరేళ్ల కితం రొమ్ము తీసేశారండి,” అనేసింది. డాక్టరు కలం కింద పెట్టాడు.

స్కానింగులో తేలింది. “ఆ కాన్సరే కంటి వెనక గుంతలోకి చేరిందమ్మా. ఎముకల్లోకీ వెళ్లింది. పూర్తిగా పోగొట్టలేం. నొప్పి తగ్గిస్తాం.”

నొప్పి తగ్గడానికి కంటికి కరెంటు పెట్టారు, అదే రేడియేషను. కుట్లు రెండేసి కనబడకుండా నా ఎడమ అద్దానికి తెల్ల టేపు అంటించారు. ఒంటికంటితో, ఒక్కొక్క కుట్టే లెక్కపెట్టుకుంటూ, ఈస్టరుకు ఆమె బల్లగుడ్డ పూర్తిచేసింది. చూడటానికొచ్చిన ఆడవాళ్లతో అంది:

“కంటి డాక్టరైనా, పంటి డాక్టరైనా, ఆపరేషనయిన సంగతి చెప్పెయ్యండర్రా. నేను సిగ్గుపడి నెల పోగొట్టుకున్నాను.”

వానాకాలంలో ఆమె వెళ్లిపోయింది. నాకు చాలా బాధ కలిగింది.

ఈ మధ్య కెజియాకూ దగ్గరి చూపు తగ్గింది. టేపు ఊడదీసి నన్ను పెట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లింది. గది నిండా జనం.

“ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బులున్నాయా?”

“మా అమ్మకి రొమ్ము కాన్సరండి,” అంది కెజియా, బయట వరసలో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా.