వినూత్న నిరసన

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. సిరిసిల్లలో సాంచాలు ఆగిపోయాయి. మరమగ్గాల చప్పుడుకు అలవాటుపడ్డ జనానికి ఒక్కసారిగా చెవుడు వచ్చినట్టుంది. పని లేని ఆడెపు యాదగిరి, చంద్రమౌళి హోటల్లో కూర్చుని పేపరు వినడం మొదలుపెట్టాడు. చంద్రమౌళి పేపరు చదివితే అచ్చయిన వార్తకు ఆయన సొంత వార్త కొసరు.

ఆ రోజు చదివింది సైన్యం వాడే నిఘా విమానం గురించి. దాంట్లో మనిషి ఉండడు. ఒకసారి లేచిందంటే పగలూ రాత్రీ దిగదు. అంత ఎత్తు నుంచి కిందున్న బండి నంబరు చదువుతుందట, చీకట్లో ఒంటి వేడిని బట్టి మనిషిని పట్టేస్తుందట. అంతవరకు పేపరుది.

"రేపు మన రాస్తారోకో మీదికి గూడ దాన్నే తోలుతరట," అన్నాడు చంద్రమౌళి పేపరు మడుస్తూ. ఇది కొసరు.

యాదగిరికి చాయ్ గొంతులో అడ్డం పడింది. బిడ్డ వందన కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైంది. ఇవాళో రేపో పోలీసులు ఇంటికి విచారణకొస్తారు. తండ్రి పేరు ఏ కేసులో కనబడినా ఆ పిల్ల నౌకరీ గంగలో కలిసినట్టే. పోనీ రాస్తారోకో మానుకుందామంటే కులపోళ్ల ముందు తలెత్తుకోలేడు. అదీగాక తెలంగాణ రావాలని ఆయనకూ గట్టిగానే ఉంది.

"గది సరిహద్దుల తిరిగే ఇమానం బాపూ, మన మీదికెందుకస్తది?" అంది వందన, ఆయన ఇంటికొచ్చి చెప్పింది విని.

"నీకేమెరుక బిడ్డా! ఇమానం వాళ్లది, మొగులు వాళ్లది. ఎటు తోలుకుంటె ఎవడడుగుతడు?"

పొద్దంతా ఆలోచించి ఉపాయం పట్టాడు. పైనుంచి చూసేదానికి పైనే కదా అడ్డం పెట్టాలి! అటక మీది నల్ల గొడుగు దింపాడు.

మరునాడు రోడ్డు నిండా జనం. వాన జాడ లేదు, మాడు పగిలే ఎండ. అంతమందిలో ఒకే ఒక్క గొడుగు. నినాదానికి అందరూ పిడికిళ్లెత్తితే యాదగిరి గొడుగెత్తాడు. ఎండకు తాళలేక ఇద్దరు కాలేజీ పిల్లలు కూడా దాని కింద దూరారు.

"కాకా, గొడుగెందుకు?" అనడిగాడు విలేకరి.

అసలు సంగతి చెబితే నవ్వుతారని, "నిరసన," అన్నాడు యాదగిరి.

"పేరు?"

ఆకాశానికి దొరక్కుండా అంత జాగ్రత్తపడ్డ మనిషి, పేపర్లో పడతానన్న సంబరంలో ఇంటిపేరుతో సహా, గల్లీతో సహా చెప్పాడు. ఫోటో తీసేటప్పుడు మొహానికి నీడ పడుతోందంటే గొడుగు వెనక్కి కూడా వంచాడు.

తెల్లారి జిల్లా పేజీలో మీదనే పడింది: 'నల్ల గొడుగుతో నేతన్న వినూత్న నిరసన.'

ఆ పేపరు చేతబట్టుకునే విచారణకు వచ్చాడు హెడ్ కానిస్టేబుల్ హన్మంతు. వందన మొహం పాలిపోయింది. యాదగిరికి తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. బిడ్డ నోటికాడి కూడు తన నోటితోనే పోగొట్టాడు.

"గీ గొడుగేంది యాదగిరీ?"

ఇంక దాచేదేముంది? ఇమానం సంగతంతా చెప్పేశాడు. హన్మంతు కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"జీపుల డీజిల్ లేక నేను ఆటోల అచ్చిన. మాకు ఇమానమా!"

నవ్వు ఆగాక ఫోటోలో గొడుగు కిందున్న పిల్లల్లో ఒకడి మీద వేలు పెట్టాడు.

"వీడు మా పోరడు. జగిత్యాలల సదువుకోమని తోలితె గీడ తేలిండు. గీ పేపరు నేను సూడలే, నువ్వు సూపియ్యలే. సమజైందా?"

కాయితం మీద 'అభ్యంతరం లేదు' అని రాసి సంతకం గీకాడు. యాదగిరి చేతులు జోడించాడు.

హన్మంతు గడప దాకా పోయి ఆగాడు. తల బయటపెట్టి మొగులు వైపు చూశాడు.

"నిజంగనే పగలూ రాత్రీ దిగదంటివా?"

"దిగదట సార్."

"ఎవలింట్ల నుంచి ఎవలెల్లిండ్రో గూడ కనవడ్తదా?"

"బండి నంబరే కనవడ్తదంటె మనిషి కనవడడా సార్!"

హన్మంతు గడప దాటబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"గా గొడుగిటియ్యి," అన్నాడు. "రేపు పంపిస్త."